దుబాయ్‌లో కొడుకు, ఊళ్లో ఓటు

ఓటరు జాబితా సవరణ మాట వినపడగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో పాత లొల్లి మళ్లీ లేస్తుంది. జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఇంటికి వస్తాడు. ‘‘దుబాయ్‌ల ఉన్నడు సారూ, పేరు మాత్రం తీయకుండ్రి’’ అని తల్లి బతిమాలుతుంది. ఒకటి రెండు ఓట్లతో సర్పంచ్ గిరీ తారుమారయ్యే చోట ఆ పేరు విలువ ఎంతో 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముంబై, పుణె వలస కూలీలకైతే అభ్యర్థులే కిరాయి పెట్టుకుని రప్పిస్తారు. దుబాయ్ టికెట్ ఎవరు కొంటారు?

చట్టం ప్రకారం బీఎల్‌ఓది తప్పు కాదు. ఊళ్లో ఉండనివాడు మామూలు జాబితాలో ఉండకూడదు, ఫారం 6ఏ నింపి ప్రవాస ఓటరుగా వేరే చేరాలి. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 20ఏ సెక్షన్ చేర్చి ఈ దారి తెరిచారు. అసలు చిక్కు అక్కడే పడింది. పాస్‌పోర్టులో ఉన్న చిరునామాను బట్టి పేరు రాసుకొమ్మన్నారు గానీ, ఓటు వేసే పద్ధతి జోలికి పోలేదు. ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని పోలింగ్ కేంద్రానికి మనిషే రావాలి. (హైదరాబాద్‌లో అద్దె గది చిరునామాతో పాస్‌పోర్టు తీసుకున్న కోదాడ పిల్లవాడికి సొంతూరి ఓటు కూడా పోయినట్టే.)

ఫలితం 2024 లోక్‌సభ ఎన్నికల్లో కనిపించింది. నమోదైన ప్రవాసులు 1,19,374 మంది. వచ్చి వేసినవాళ్లు 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్లే. మిగతా దేశమంతా కలిపి 288.

దిద్దుకునే అవకాశం రాకపోలేదు. ప్రవాసి తరఫున మరొకరు ఓటు వేసేలా తెచ్చిన బిల్లు 2018 ఆగస్టు 9న లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాటలేదు. 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. ప్రవాసి చెప్పినవాళ్లకే ఆ మరొకరు వేస్తారన్న నమ్మకమేమిటని, ఓట్లు టోకున అమ్ముడుపోతాయని అభ్యంతరాలు వచ్చాయి. ఓట్లకు డబ్బు పంచారని పేరుపడ్డ మునుగోడు ఉప ఎన్నికను దగ్గర నుంచి చూసిన నల్లగొండ జిల్లా ఆ భయాన్ని కొట్టిపారేయలేదు.

కానీ పోస్టల్ బ్యాలెట్‌కు ఆ అభ్యంతరం అంతగా అంటదు. సైన్యంలో ఉన్నవాళ్లకు 2016 నుంచి ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పంపుతున్నారు, నింపి పోస్టులో తిప్పి పంపుతారు. ప్రవాసులకూ అలా పంపడానికి సిద్ధమేనని 2020 నవంబర్‌లో ఎన్నికల సంఘమే కేంద్ర న్యాయశాఖకు రాసింది. తర్వాత ఎన్నో ఎన్నికలు అయిపోయాయి. ఒకే ఇంట్లో పెద్దవాడు జమ్మూలో జవానైతే బ్యాలెట్ అతని దగ్గరికే పోతుంది. మస్కట్‌లో మేస్త్రీ పనిచేసే చిన్నవాడికి మాత్రం పోదు.

గల్ఫ్ కూలీ 6ఏ నింపకపోవడాన్ని అజ్ఞానం అనేవాళ్లున్నారు. నింపితే దొరికేదేమిటి? వీసా ప్రతి జతచేయాలి, చేతిలో ఉన్న ఓటరు కార్డు తిరిగి ఇచ్చేయాలి. ఆ కార్డు ఊళ్లో తల్లి ట్రంకు పెట్టెలో ఉంది. సెలవు మీద ఎప్పుడొస్తే అప్పుడు పనికొస్తుందని ఆమె దాన్ని బయటికి తీయదు.