చెక్ ఇంజన్ లైట్ వెలగగానే సెన్సార్ మార్చేయకండి

మొన్న పొద్దున్నే షెడ్డు షట్టర్ సగం ఎత్తానో లేదో, రాజోలు నుంచి ఒకాయన కారులో దిగారు. చేతిలో ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆక్సిజన్ సెన్సార్ డబ్బా. సైలెన్సర్ గొట్టంలో పొగలోని ఆక్సిజన్ చూసి కారు కంప్యూటర్‌కి చెప్పే చిన్న భాగం అది. "ఆయ్, సెన్సార్ పోయిందన్నారండి. ఇది బిగించేస్తే పెళ్లికెళ్లిపోతాం" అన్నారు. చెక్ ఇంజన్ లైటుకి స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందని అడిగితే ఫోన్‌లో ఫొటో చూపించారు. పీ0171. సిస్టమ్ లీన్.

నెలకి నలుగురైదుగురు ఇలాగే వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

పీ0171 అంటే ఇంజన్‌లో గాలి ఎక్కువైంది, లేదా పెట్రోలు తక్కువైంది అని. సెన్సార్ పోయిందని అందులో ఎక్కడా లేదు. అసలు ఈ కబురు కంప్యూటర్‌కి మోసిందే ఆ సెన్సార్. అర్ధరాత్రి దొంగను చూసి మొరిగిన కుక్కని పట్టుకుని తన్నినట్టుంటుంది దాన్ని మార్చేయడం. ఆయన బండికి బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ దగ్గర సన్న వ్యాక్యూమ్ పైపు చివర నెర్రెలిచ్చి ఉంది. అక్కడి నుంచి దొంగగాలి లాగుతోంది. చివర అంగుళం ముక్క కోసి మళ్లీ తొడిగాను, క్లిప్పు వేశాను. డబ్బా సీలు విప్పకుండా వెనక్కి పంపించేయమన్నాను.

ఎలా తెలిసిందంటే, స్కానర్‌లో కోడ్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 20, 25 దాకా పోయి, 2,500 ఆర్‌పీఎంకి రేజ్ చేసినప్పుడు మామూలుకి వచ్చేస్తే దాదాపు వ్యాక్యూమ్ లీకే. చిన్న చిల్లు ఐడ్లింగ్‌లో పెద్ద తేడా చేస్తుంది, ఇంజన్ ఎక్కువ గాలి లాగేటప్పుడు లెక్కలోకి రాదు. అదే రేజ్ చేసేకొద్దీ, లోడ్ పడేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడండి. మిస్సింగ్ ఉన్నా సెన్సార్ లీన్ అనే చూపిస్తుంది. మండని సిలిండర్‌లోని ఆక్సిజన్ అంతా సైలెన్సర్‌లోకే వస్తుంది కదా.

సెన్సార్ బతికే ఉందా అన్నది చూడటానికి అయిదు నిమిషాలు చాలు. పాత రకం సెన్సార్ అయితే ఇంజన్ బాగా వేడెక్కాక క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) ముందుండే సెన్సార్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య గబగబా ఎగిరెగిరి పడుతుండాలి. ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే పైకి పోవాలి, వ్యాక్యూమ్ పైపు ఒకటి పీకితే కిందికి పడాలి. మనం చేసినదానికల్లా స్పందిస్తోందంటే దాని జోలికి వెళ్లకండి. ఎటు చేసినా ఒకేచోట బిగుసుకుని కూర్చున్నా, మరీ నిదానంగా కదిలినా అప్పుడు అనుమానించండి. కొత్త బండ్లలో చాలావాటికి ముందు వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఉంటుంది, అది ఇలా ఎగరదు. దాన్ని పాత లెక్కతో కొలిచి "చచ్చిపోయింది" అనేవాళ్లనీ చూశాను. క్యాటలిటిక్ కన్వర్టర్ వెనకాల ఉండే రెండో సెన్సార్ మాత్రం నిలకడగానే ఉండాలి. అది కూడా ముందుదానిలాగే ఎగురుతుంటే తప్పు సాధారణంగా కన్వర్టర్‌ది.

నాకు ఇదంతా పుట్టుకతో రాలేదు. పని మొదలుపెట్టిన కొత్తలో పాలకొల్లు దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారి బండికి ఇదే లీన్ కోడ్ వస్తే సెన్సార్ మార్చాను. పది రోజులకి లైటు మళ్లీ వెలిగింది. వెనకాలది కూడా మార్చాను. మళ్లీ వెలిగింది. మూడోసారి వచ్చినప్పుడు మాస్టారు ఏమీ అనలేదు. "ఏం బాబూ, ఈసారి ఎంతవుతుంది?" అన్నారంతే. తిట్టినా బాగుండేది. ఆ రోజు బండి రాత్రంతా షెడ్డులోనే ఉంచి, తెల్లవారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు. వేడెక్కగానే ఆగిపోయింది. అద్దం పెట్టి చూస్తే గ్యాస్కెట్ అంచున వేలెడంత నల్లటి మసి చార. పొగ బయటికి పోయే చోట నుంచే, పొగ తోపుకి తోపుకి మధ్య బయటి గాలి లోపలికి కూడా వెళ్తుంది. సెన్సార్ ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి లీన్ అంటోంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు ఇంకా ఇంకా పోస్తోంది. మైలేజీ పడిపోయింది అందుకే. గ్యాస్కెట్ వేశాను, లైటు ఆరింది. రెండు సెన్సార్ల డబ్బులూ వెనక్కిచ్చాను. నేను విప్పిన ఆయన పాత సెన్సార్ ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తూనే ఉంది, అనుమానం వచ్చిన బండికి పెట్టి చూడటానికి వాడుతుంటాను.

మరి సెన్సార్ పేరు చెప్పే కోడ్‌లు లేవా అంటే ఉన్నాయి. పీ0135, పీ0141 లాంటివి సెన్సార్ లోపలి హీటర్ సర్క్యూట్ గురించి. సెన్సార్ పనిచేయాలంటే 300 డిగ్రీలు దాటి వేడెక్కాలి, అందుకే లోపల హీటర్ ఉంటుంది. ఇక్కడ కూడా ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత కనెక్టర్‌కి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. కిందటి సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడి కారు మూడు రోజులు ధాన్యం రాశి పక్కన పెట్టారు. నాలుగో రోజు హీటర్ కోడ్. కారు కిందికి దూరి చూస్తే పందికొక్కు రెండు వైర్లు కొరికేసింది. వరి ఊళ్లలో ఇది కొత్తేమీ కాదు. ఆ వైర్లని మెలిపెట్టి టేపు చుట్టకండి, క్రింప్ చేసి సీలు వేయించండి. ఆ కనెక్టర్‌లో గ్రీజు కూడా పూయొద్దు. చాలా సెన్సార్లు బయటి గాలిని వైర్ల సందులోంచే తీసుకుంటాయి.

ఇక మిగతా పుకార్లు. "వైరు పీకేస్తే మైలేజీ పెరుగుద్ది" అంటారు. పెరగదు. కంప్యూటర్ గుడ్డిలెక్కతో పెట్రోలు పోస్తుంది, ఆ పెట్రోలు పోయి పోయి కన్వర్టర్‌ని వేడెక్కించి పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు ఏపాటి. "పెట్రోల్‌తో కడిగితే కొత్తదవుతుంది" అన్నది ఊరికే చేతి దురద. "20 శాతం ఇథనాల్ కలపడం వల్ల సెన్సార్లు పోతున్నాయి" అంటారు. మైలేజీ కాస్త తగ్గడం నిజం, సెన్సార్ పోవడానికి మాత్రం కారణం అది కాదు. ఇంజన్ ఆయిల్ తాగే బండి, కూలెంట్ కారి లోపల మండే బండి, చవక సిలికాన్ పూసిన గ్యాస్కెట్లు, ఇవీ సెన్సార్‌ని చంపేవి. అలాంటి బండికి కొత్తది వేసినా అదీ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ పీకి పెడితే లైటు ఆరుతుంది, జబ్బు ఆరదు. ఒకావిడ "సెన్సార్ పోతే ఏసీలో పిల్లలకి ఆక్సిజన్ అందదేమోనండీ" అని భయపడుతూ అడిగారు. దానికీ మీ ఊపిరికీ సంబంధం లేదమ్మా, అది సైలెన్సర్‌లో పొగని చూస్తుంది.

లైటు వెలగగానే బండి ఆగిపోతుందని టెన్షన్ పడేవాళ్లకి ఒక్క మాట. నిలకడగా వెలిగితే, బండి మామూలుగా నడుస్తుంటే, టెంపరేచర్ ముల్లు సరిగ్గా ఉంటే ఇంటికి వెళ్లి రేపు చూపించుకోవచ్చు. లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టు, పక్కకి తీసి ఆపండి.

నిజంగానే మార్చాల్సి వస్తే, మన ఉప్పుగాలికి, చేపల చెరువు గట్ల మీద తిరిగే బండ్లకి అది తుప్పు పట్టి కరుచుకుపోయి ఉంటుంది. ముందురోజు రాత్రి మరలకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. మర్నాడు ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, వైరు పట్టడానికి చీలిక ఉన్న 22 సైజు సాకెట్‌తో విప్పండి. చల్లటి మ్యానిఫోల్డ్ మీద బలం చూపిస్తే మరలు ఊడి చేతిలోకొస్తాయి. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పి ఎక్కించాలి. మరలకి కంపెనీ పూసిన పేస్టు చాలు, అది సెన్సార్ మూతికి అంటకూడదు. సెన్సార్ కింద పడితే పక్కన పెట్టేయండి, లోపల పింగాణీ పగిలి ఉంటుంది. గోదారి వరదల్లో కాజ్‌వే మీద వేడి సైలెన్సర్‌తో నీళ్లలోకి దించిన బండ్లకి ఆ పింగాణీయే చిట్లుతుంది.

బిగించి కోడ్ తుడిచాక బండిని వెంటనే ఇచ్చేయను. భీమవరం దాకా వెళ్లి వస్తాను, సిటీ ట్రాఫిక్ కొంత, రోడ్డు మీద స్పీడు కొంత. తిరిగొచ్చాక మళ్లీ స్కానర్ పెట్టి ట్రిమ్ చూస్తాను. పది లోపుంటే తాళాలు ఇచ్చేస్తాను.