530003ను విడగొడితే

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తే చిరునామా చివర పడే పిన్‌కోడ్ 530003. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్‌లు మొదలయ్యాయి. మొదటి 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు ఉత్తరాన్ని మళ్ళిస్తుంది, చివరి మూడంకెలు తపాలా కార్యాలయాన్ని చూపిస్తాయి. తపాలా శాఖకు అంతకు మించి అవసరం లేదు. మనం మాత్రం ఈ ఆరంకెలనూ ఒకే పూర్ణసంఖ్యగా తీసుకుని, ఏ సంఖ్యలను గుణిస్తే ఇది వస్తుందో వెతుకుదాం.

బేసి సంఖ్య కనుక 2తో పోదు. అంకెల మొత్తం 11, కాబట్టి 3తోనూ పోదు. 7తో భాగిస్తే 5 మిగులుతుంది, 11తో 1 మిగులుతుంది. 53 దగ్గర కాస్త ఆశ పుడుతుంది, ఎందుకంటే 530000 సరిగ్గా 53కు పదివేల రెట్లు. కానీ చివరనున్న 3 అలాగే మిగిలిపోతుంది. దీని వర్గమూలం 728 కంటే రవ్వంత ఎక్కువ. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 129. వాటిని వరసగా ప్రయత్నిస్తూ పోతే 112 సంఖ్యలు చేతులెత్తేస్తాయి. 113వ ప్రధాన సంఖ్య 617. దానితో శేషం లేకుండా పోతుంది:

530003 = 617 × 859

859 కూడా ప్రధాన సంఖ్యే. ఇక దీన్ని ఇంతకంటే విడగొట్టలేం.

ఇన్ని భాగహారాలు అక్కర్లేని దారి ఒకటుంది. దాన్ని 1643లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఒక ఉత్తరంలో వివరించాడు. ఆ ఉత్తరంలో ఆయన 2027651281ని 44021 × 46061గా విడగొట్టి చూపాడు. ఆ పద్ధతిలో మన సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయాలి. 729 వర్గంలోంచి 530003 తీసేస్తే 1438 వస్తుంది, అది వర్గం కాదు. 730తో 2897, అదీ కాదు. 731తో 4358 వచ్చి ఊరిస్తుంది: 66 వర్గం 4356, రెండే తేడా! ఇలా పదో ప్రయత్నంలో 738 దగ్గరకు చేరితే 14641 మిగులుతుంది. అది 121 వర్గం, అంటే 11కు నాలుగో ఘాతం. 738లోంచి 121 తీసేస్తే 617, కలిపితే 859. నూట పదమూడు భాగహారాల పని పది మెట్లలో తేలిపోయింది. ఇంత చక్కగా ఫలించే సంఖ్య మన విశ్వవిద్యాలయం చిరునామాలోనే ఉండటం నాకెంతో ఆనందం.

ఇంకో అందం కూడా ఉంది. 530003 లోపు, దానితో 1 తప్ప మరే ఉమ్మడి కారణాంకమూ లేని సంఖ్యలు ఎన్ని? 616 × 858, అంటే 528528. 528 రెండుసార్లు పక్కపక్కన పడింది. 616లోని 7, 11, 858లోని 13 కలిసి 1001 కావడమే దీనికి కారణం.

రెండు ప్రధాన సంఖ్యలు తెలిస్తే ఈ 528528ను కాగితం మీద ఒక్క గుణకారంతో రాబట్టవచ్చు. అవి తెలియకుండా దాన్ని కనుక్కోవడం అసలు సంఖ్యను విడగొట్టడమంత కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపికి ఆధారం ఇదే. అందులో విరివిగా వాడే 2048 బిట్ల సంఖ్యను, అంటే 0, 1లతోనే రాస్తే 2048 అంకెలు పట్టేదాన్ని, మామూలుగా రాస్తే 617 అంకెలు. మళ్ళీ 617! ఇది కేవలం కాకతాళీయం. 2020లో పరిశోధకులు 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడగొట్టారు, అందుకు బోలెడన్ని కంప్యూటర్లు పనిచేయాల్సి వచ్చింది.

అయితే ఎన్ని అంకెలున్నా, రెండు ప్రధాన సంఖ్యలు మరీ దగ్గరగా ఉంటే ఫెర్మా పద్ధతి వాటిని ఇట్టే పట్టేస్తుంది. అందుకే ఆర్‌ఎస్‌ఏ సంఖ్యలు తయారుచేసే ప్రమాణాల్లో ఆ రెంటి మధ్య తేడా తగినంత ఉండాలన్న నియమం పెట్టారు. 617కూ 859కీ మధ్య ఉన్నది 242 మాత్రమే.