సహజ సంవహన సిమ్యులేషన్: అపోహలు – వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రివేళ పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగునున్న వెచ్చని నీరు పైకి లేస్తుంది. ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆపేసినా సాంద్రతలోని తేడా వల్లనే సాగే ఈ కదలికే సహజ సంవహనం. దీన్ని కంప్యూటరుపై లెక్కగట్టే విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తున్నప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: గ్రిడ్ (లెక్క కోసం నీటిని చిన్న గళ్లుగా విడదీసే వల) అంతటా ఎంత సన్నగా ఉంటే ఫలితం అంత మంచిది.

వాస్తవం: ఒక పక్క గోడ వేడిగా, ఎదుటి గోడ చల్లగా ఉన్న చతురస్రపు గదిలో రేలీ సంఖ్య (సంవహనాన్ని నడిపే బలం, దాన్ని అడ్డుకునే జిగట, ఉష్ణ వ్యాపనాల ముందు ఎంత పెద్దదో చెప్పే కొలత) 10 లక్షలైతే, గోడనంటి ఉండే ఉష్ణపు పొర మందం గది వెడల్పులో 30వ వంతు ప్రాంతంలోనే ఉంటుంది. మధ్య భాగంలో ప్రవాహం చాలా నెమ్మదిగా సాగుతుంది కాబట్టి గళ్లను గోడల దగ్గర దట్టంగా, మధ్యలో ఎడంగా పేర్చడమే పొదుపు. అయిదడుగుల చెరువులో పైకీ అడుగుకూ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా రేలీ సంఖ్య 7,000 కోట్లు దాటుతుంది. అక్కడ ప్రతి సుడినీ గ్రిడ్‌తో పట్టాలనుకోకుండా చిన్న సుడుల ప్రభావాన్ని సగటున అంచనా వేసే టర్బులెన్స్ నమూనాను ఆశ్రయించడమే వివేకం.

అపోహ: ఇది వేడికి సంబంధించిన సమస్య కనుక ఉష్ణోగ్రత సమీకరణమే ఎక్కువ సమయం తీసుకుంటుంది.

వాస్తవం: సమయమంతా తినేది పీడనం. గణిత శాస్త్రవేత్త కోరిన్ 1968లో ప్రచురించిన ప్రొజెక్షన్ పద్ధతిలో ముందు వేగాలను అంచనా వేసి, ఏ గడిలోనూ నీరు పోగుపడకుండా, తరగకుండా ఆ వేగాలను పీడనంతో సవరిస్తారు. అందుకు ప్రతి కాలపు మెట్టులోనూ గళ్లన్నిటి పీడనాలనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఒక పోయిసన్ సమీకరణాన్ని సాధించాలి. దాన్ని గడి తర్వాత గడి విలువను పదేపదే సవరించే గౌస్–సీడెల్ పద్ధతికే వదిలేస్తే, రెండు దిశల సమస్యలో గడి వెడల్పు సగం చేసినప్పుడల్లా పని సుమారు 16 రెట్లవుతుంది, ఎందుకంటే ఆ పద్ధతి గడి గడికీ మారే దోషాన్ని త్వరగా తుడిచేస్తుంది గానీ, గది పొడవునా నెమ్మదిగా మారే దోషాన్ని వదిలించడానికి చాలా ఎక్కువ సార్లు తిరగాలి. మల్టీగ్రిడ్ పద్ధతి ఆ మొండి దోషాన్ని ముతక గ్రిడ్ మీదికి దించి అక్కడ చవకగా తొలగిస్తుంది కాబట్టి, పని గళ్ల సంఖ్యకు అనుపాతంగా, అంటే 4 రెట్లు మాత్రమే పెరుగుతుంది. కొత్త కంప్యూటరు కొనే ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: రెసిడ్యువల్ (సమీకరణాల్లో ఇంకా తీరకుండా మిగిలిన తేడా) పడిపోయిందంటే జవాబు సరైనదే.

వాస్తవం: రాసుకున్న బీజ సమీకరణాలు తీరాయని మాత్రమే దాని అర్థం. ప్రవాహం వచ్చే వైపు గడి విలువనే తీసుకునే మొదటి తరగతి అప్‌విండ్ పద్ధతి చేర్చే కృత్రిమ వ్యాపనం (నిజంగా లేని కలయిక) రెసిడ్యువల్‌లో కనిపించదు. డి వాల్ డేవిస్ 1983లో ఇచ్చిన ప్రామాణిక ఫలితాల ప్రకారం, గాలి నిండిన చతురస్రపు గదికి రేలీ సంఖ్య 10 లక్షల వద్ద సగటు నస్సెల్ట్ సంఖ్య (కదలిక లేని వహనంతో పోలిస్తే వేడి ఎన్ని రెట్లు ప్రసరిస్తుందో చెప్పే కొలత) 8.8, మీ కోడ్‌కు ఆ విలువ వచ్చాకే చెరువు జోలికి వెళ్లండి.

అపోహ: బూసినెస్క్ అంచనా వాడితే సాంద్రతకు ఉష్ణోగ్రత ఒక్కటే చాలు.

వాస్తవం: సాంద్రతలోని మార్పును గురుత్వ పదంలో మాత్రమే లెక్కలోకి తీసుకోమని ఆ అంచనా చెబుతుంది, ఆ మార్పుకు కారణం ఏదైనా కావచ్చు. మన ఉప్పునీటి చెరువుల్లో సెలినిటీ (ఉప్పుదనం) ఒక్క పీపీటీ (వెయ్యి భాగాల్లో ఒక భాగం) మారితే నీటి సాంద్రతపై పడే ప్రభావం సుమారు రెండున్నర డిగ్రీల తేడాకు సమానం. వాన పడి తేలికైన మంచినీరు పైన పరుచుకున్న రాత్రి, ఉష్ణోగ్రత మాత్రమే ఉన్న నమూనా చెరువు తిరగబడుతుందని, అంటే పైనీరూ అడుగునీరూ కలిసిపోతాయని చూపిస్తుంది, నిజానికి పైపొర కదలకుండా నిలుస్తుంది, అడుగునున్న రొయ్యలకు ఆక్సిజన్ అందదు. లవణానికి విడిగా ఒక సమీకరణం చేర్చినా, పీడనానికయ్యే ఖర్చు ముందు దాని ఖర్చు చాలా స్వల్పం.