ఆఖరి స్లాబు తర్వాత ఆగిపోయిన టవర్

విజయవాడ బందరు రోడ్డు మీద నిలబడి తలెత్తితే కనిపించే ఆ 14 అంతస్తుల టవర్ గొడవ మళ్లీ మొదలైంది. ఫ్లాట్లు అప్పగించే గడువును బిల్డర్ ఇంకోసారి వెనక్కి జరిపారు. ఈసారి గడువుతో పాటు ఒక లెక్క కూడా పంపారు. సిమెంటు, స్టీలు, కూలి రేట్లు పెరిగాయి కాబట్టి చదరపు అడుగుకు ఇంత చొప్పున అదనంగా కట్టాలట. డబ్బు రాకపోతే పని కదలదని కూడా అందులోనే ఉంది. మొన్న ఆదివారం పొద్దున కొన్నవాళ్లంతా వచ్చి గేటు ముందు కూర్చున్నారు.

రాజధాని ప్రకటన తర్వాత ఇక్కడి స్థలాల ధరలు ఏమయ్యాయో, అయిదంతస్తుల గ్రూప్ హౌస్‌లకు అలవాటు పడ్డ ఊళ్లో పైపైకి కట్టడం ఎందుకు మొదలైందో విజయవాడ వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ టవర్‌కు 2018లో బుకింగులు జరిగాయి. ఆ ఏడాది ఆగస్టులో అగ్రిమెంట్లు అయ్యాయి. 36 నెలల్లో ఇస్తామని, అవసరమైతే మరో 6 నెలలు పడుతుందని రాశారు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం అక్కడి నుంచి నేరుగా 2022 డిసెంబర్‌కు, ఆఖరి స్లాబు పడ్డ రోజుకు రావాలి.

ఆ రోజు సైట్ దగ్గర పండగలా ఉంది. తెల్లవారుజాము నుంచే కాంక్రీటు లారీలు వరసగా వచ్చాయి. కొన్నవాళ్లు పిల్లలతో సహా వచ్చి కొబ్బరికాయలు కొట్టారు, సెంట్రింగ్ పనివాళ్లకు బట్టలు పెట్టారు, పులిహోర పంచారు. తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ కొన్న ఒక రిటైర్డ్ లెక్చరర్ మెట్లన్నీ ఎక్కి, తన ఇంటి గోడ రావాల్సిన చోట పిల్లర్ మీద సుద్దముక్కతో ఫ్లాట్ నంబరు రాసుకున్నారు. ఇక ఇల్లు వచ్చేసినట్టేనని అందరూ అనుకున్నారు.

ఆ రోజుకు వాళ్లు ఎంత డబ్బు కట్టేశారన్నదే అసలు విషయం. వాయిదాలన్నీ స్లాబులకు ముడిపెట్టి ఉన్నాయి. పునాదికి ఇంత, మొదటి స్లాబుకు ఇంత, మూడో స్లాబుకు ఇంత అని. అలా ఆఖరి స్లాబు పడేనాటికి ఫ్లాట్ ధరలో పదింట తొమ్మిది వంతులు చెల్లించేశారు. మిగిలిన పదో వంతు తాళాలు ఇచ్చేటప్పుడు. బ్యాంకులు కూడా ఇదే వరసలో లోన్ విడుదల చేశాయి. ఇంజినీర్ వచ్చి స్లాబు పడిందని రాసిస్తే చాలు, చెక్కు బయటికొచ్చేది.

కానీ కట్టడం ఖర్చు ఆ వరసలో నడవదు. స్లాబులు పూర్తయ్యేనాటికి ఇంచుమించు సగం ఖర్చు ఇంకా ముందే ఉంటుంది. గోడలు లేవాలి, ప్లాస్టరింగ్ కావాలి, నీళ్ల పైపులు, కరెంటు లైన్లు, కిటికీలు, టైల్స్ పడాలి. ఇంత ఎత్తు భవనానికైతే లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, మంటలార్పే పంపులు, పై దాకా నీటి లైన్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు కూడా కావాలి. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ లేకపోతే, అందులో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు. అది రాకపోతే చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఇంకా ఇల్లు కాదు. ఇన్ని పనులకూ కొన్నవాళ్ల దగ్గర నుంచి ఇంక రావాల్సింది ఒక్క పదో వంతు. స్లాబు వేస్తే డబ్బు వస్తుంది, గోడ కడితే రాదు. అందుకే స్లాబులు పరుగెత్తాయి, గోడలు ఆగిపోయాయి.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. కొన్నవాళ్ల దగ్గర ఒక ఫొటోల వరస ఉంది. ఎదుటి అపార్ట్‌మెంట్ డాబా మీద, ఒకే వాటర్ ట్యాంకు పక్కన నిలబడి, ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకే కోణంలో తీసిన ఫొటోలు. 2021, 2022 ఫొటోలను వేలితో జరుపుకుంటూ పోతే టవర్ కళ్లముందే పెరుగుతుంది. 2023 జనవరి నుంచి మార్పు వెతుక్కోవాలి. ఆరో అంతస్తు దాకా ఇటుక గోడలు లేచాయి. తర్వాత ఒక ఫొటోలో క్రేన్ మాయమైంది. ఆ తర్వాత టవర్ చుట్టూ కట్టిన ఆకుపచ్చ గుడ్డ చిరిగి ఒక పక్కకు వేలాడింది. ఇటీవలి ఫొటోల్లో పైఅంతస్తు పిల్లర్ల నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఊచల కింద తుప్పు చారలు దిగాయి. ఆఖరి స్లాబు తర్వాత మూడు సంక్రాంతులు వెళ్లిపోయాయి.

బిల్డర్ వైపు వాదన ఇది: ఆలస్యానికి కారణం తాము కాదు, ఇసుక, కరోనా, వరద. ఈ మూడూ నిజంగా జరిగినవే. 2019 వేసవి చివర్లో ఇసుక విధానం మారడం, దాని వెంటే కృష్ణా, గోదావరుల్లో వరద రావడంతో రాష్ట్రమంతటా కట్టడాలు ఆగాయి. సెప్టెంబర్ 5న కొత్త విధానం వచ్చినా కొరత వెంటనే తీరలేదు. పనుల్లేక మేస్త్రీలు, కూలీలు అల్లాడిపోయారు. ఇదే విజయవాడ ధర్నా చౌక్‌లో నవంబర్ 14న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు ఇసుక కొరత మీద 12 గంటల దీక్ష చేశారు. ఆ కొన్ని నెలలు ఏ బిల్డరూ ఏమీ చేయలేకపోయాడంటే కాదనలేం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ మే నెలలో కేంద్రం ప్రాజెక్టుల గడువును 6 నెలలు పెంచమని, అవసరమైతే ఇంకో 3 నెలలు ఇవ్వమని రాష్ట్రాల రెరాలకు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలకు సూచించింది.

ఇప్పుడు ఇవన్నీ బిల్డర్‌కే వదిలేసి లెక్క వేద్దాం. 2018 ఆగస్టు నుంచి 36 నెలలు, వెసులుబాటు 6 నెలలు కలిపితే 2022 ఫిబ్రవరి. కరోనాకు 9 నెలలు కలిపితే నవంబర్. ఇసుక కోసం ఇంకో ఆరు నెలలు ఉదారంగా వేసినా 2023 మే దాటదు. ఆ తర్వాతి కాలానికి ఇసుకా లేదు, కరోనా లేదు. టవర్ అసలు ఆగింది ఆ తర్వాతి కాలంలోనే.

మిగిలింది వరద. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు ఊరి మీద పడింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఈ సైట్‌లో పనిచేసిన మేస్త్రీల్లో కొందరి ఇళ్లు అక్కడే, వాళ్ల కష్టం చిన్నది కాదు. కానీ బుడమేరు నీళ్లు బందరు రోడ్డు పక్కనున్న ఈ సైట్ దాకా రాలేదు. సెల్లార్లో చేరింది వాన నీరు, దాన్ని మోటార్లు పెట్టి తోడేశారు. అన్నిటికీ మించి, వరద వచ్చేనాటికే పని ఆగి ఏడాది దాటింది.

ఇంకో చిక్కు ముడి ఉంది. స్లాబుల దశలోనే చాలామందికి సెమీ ఫినిష్డ్ ఫ్లాట్‌గా రిజిస్ట్రేషన్ చేసిచ్చారు. లోన్ త్వరగా వస్తుందని, తర్వాత చార్జీలు పెరుగుతాయని చెబితే కొన్నవాళ్లూ సరేనన్నారు. మన దగ్గర ఇది మామూలు పద్ధతే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఫ్లాట్ మీ పేరునే ఉంది కదా, ఇంకేం భయం అని ఇప్పుడు బిల్డర్ ఆఫీసులో అడుగుతున్నారట. పేరున ఉన్నది గోడలు లేని ఒక స్లాబు, దాని కింద ఉమ్మడి స్థలంలో కొన్ని గజాల అవిభాజ్య వాటా. నెలనెలా వడ్డీ ఒకవైపు, ఉంటున్న ఇంటి అద్దె ఇంకోవైపు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మరో దెబ్బ. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన 5 ఏళ్లలోగా ఇల్లు పూర్తి కాకపోతే, వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు కాస్తా 30 వేలకు పడిపోతుంది.

చట్టం ఏం చెబుతుందో ఈ పాటికి వాళ్లలో చాలామందికి నోటికొచ్చేసింది. 2016 రెరా చట్టం సెక్షన్ 6లో గడువు పెంపునకు కారణాలుగా యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ప్రకృతి వైపరీత్యాలు ఉన్నాయి. ఇసుక కొరత, రేట్ల పెరుగుదల ఆ జాబితాలో లేవు. సెక్షన్ 18 ప్రకారం చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఇల్లే కావాలంటే అప్పగించేదాకా నెలనెలా వడ్డీ తీసుకోవచ్చు. చెప్పిన తేదీ అంటే కొన్నవారితో చేసుకున్న అగ్రిమెంట్‌లోనిదే తప్ప రెరా రిజిస్ట్రేషన్‌లో రాసుకున్నది కాదని 2020 నవంబర్‌లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో, అనుకోని సంఘటనలు వచ్చినా సరే డబ్బు వెనక్కి అడిగే హక్కు పోదని చెప్పింది.

అయితే గేటు ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి డబ్బు వెనక్కి అక్కర్లేదు. 2018 ధరకు ఇప్పుడు ఈ వీధిలో ఇల్లు రాదు. వాళ్లకు కావాల్సింది ఇల్లు. అందుకే వాళ్లు అడుగుతున్నది వేరే కాగితాలు. రెరా చట్టం ప్రకారం బిల్డర్ కొన్నవాళ్ల దగ్గర వసూలైన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో వేసి, స్థలానికి, ఈ కట్టడానికి మాత్రమే వాడాలి. అందులోంచి తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఇంజినీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరించాలి. ఆఖరి స్లాబు రోజున ఎంత శాతం పని అయినట్టు రాశారు, ఆ రాతకు ఎంత డబ్బు బయటికెళ్లింది, ఖాతాలో ఇవాళ ఎంత ఉంది? అదనపు డబ్బు గురించి మాట్లాడేముందు ఈ మూడూ చూపించమన్నది వాళ్ల మాట. న్యాయంగా చూస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

ఆదివారం మధ్యాహ్నం ఎండ ముదిరాక కొందరు వాచ్‌మన్‌ను ఒప్పించి లోపలికి వెళ్లారు. లెక్చరర్ గారు కూడా మళ్లీ తొమ్మిదో అంతస్తు ఎక్కారు. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు, ప్రతి రెండంతస్తులకూ ఆగాల్సి వచ్చింది. "అమ్మగారూ, అటు వెళ్లకండి, అడ్డుగోడ లేదు" అని వాచ్‌మన్ వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. సుద్దతో రాసిన నంబరు వానలకు చెరిగిపోయింది. ఆమె చేతిసంచీలోంచి మార్కర్ తీసి అదే పిల్లర్ మీద మళ్లీ రాసి కిందికి దిగారు. సాయంత్రం దాకా ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. ఖాతా వివరాలు అడుగుతూ ఇచ్చిన అర్జీ మీద అందినట్టు ముద్ర మాత్రం వేసిచ్చారు.