యాభై రూపాయల నాటి పేచీ

నెలకు రూ.18,000 స్థిర వేతనం ఇవ్వాలంటూ ఆశా కార్యకర్తలు మళ్లీ రోడ్డెక్కారు. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 2024 డిసెంబరులో కోఠి దగ్గర పోలీసులకూ వారికీ జరిగిన తోపులాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడైనా ఇప్పుడైనా తగాదా అంకె గురించే అనిపిస్తుంది. అసలు తగాదా ఒక మాట గురించి: ఇచ్చేది జీతమా, పారితోషికమా?

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైందని, వెయ్యి జనాభాకు ఒక ఆశాను పెట్టారని అందరికీ తెలుసు. దాన్ని వదిలేసి 1977కు వెళ్దాం. ఈ పేచీకి బీజం అక్కడ ఉంది.

ఆ ఏడాది అక్టోబరు 2న జనతా ప్రభుత్వం, రాజ్ నారాయణ్ ఆరోగ్య మంత్రిగా ఉండగా, ఊరి మనిషికే మూడు నెలల శిక్షణ ఇచ్చి ఊరి ఆరోగ్యం అప్పగించే పథకం తెచ్చింది. నెలకు 50 రూపాయలు, ఒక మందుల కిట్టు. ‘ప్రజల ఆరోగ్యం ప్రజల చేతుల్లో’ అన్నది నినాదం. ఆ మనిషికి పెట్టిన పేరు కమ్యూనిటీ హెల్త్ వర్కర్. ఆ ‘వర్కర్’ అన్న మాట నాలుగేళ్లు కూడా నిలవలేదు. ముందు వాలంటీర్ అన్నారు, 1981 నాటికి విలేజ్ హెల్త్ గైడ్ అన్నారు. పని అదే, కిట్టు అదే, యాభై రూపాయలూ అవే. మారింది పేరొక్కటే. వర్కర్ అంటే రేపు పనిగంటలు అడుగుతాడు, జీతం అడుగుతాడు, పింఛను అడుగుతాడు. వాలంటీరుకు చేతులెత్తి దండం పెడితే సరిపోతుంది. పేరు మార్చినా వాళ్లు ఊరుకోలేదు. సంఘాలు పెట్టుకున్నారు, కోర్టులకెక్కారు. చివరికి 2002లో కేంద్రం నిధులు ఆపేసింది.

ఆ పథకం దెబ్బతినడానికి కారణం ఎక్కువమంది మగవాళ్లు కావడమేనని, వారివల్ల గర్భిణులకు ఒరిగిందేమీ లేదని ఆ తర్వాత తేల్చారు. అది నిజమే. అందుకే ఆశాగా మహిళనే ఎంచుకోవాలన్నారు. కానీ ఢిల్లీ నేర్చుకున్న రెండో పాఠం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆశా గౌరవ వాలంటీరేనని, ఆమెకు జీతం గానీ గౌరవ వేతనం గానీ ఉండదని, చేసిన పనిని బట్టి ప్రోత్సాహకమే ఇస్తారని 2005 మార్గదర్శకాల్లోనే రాసుకున్నారు. పని ఆమె బతుకుతెరువుకు అడ్డు రాకుండా ఉంటుందని కూడా అందులోనే ఉంది; రోజుకు రెండు మూడు గంటలు, వారానికి నాలుగు రోజులే పని అని తర్వాతి మార్గదర్శకాల్లో లెక్క చెప్పారు. అర్ధరాత్రి నొప్పులు మొదలైన గర్భిణికి ఈ లెక్క ఎవరు చెప్పాలో మాత్రం రాయలేదు.

నగరానికి వచ్చేసరికి ఈ లెక్క ఇంకా తప్పింది. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చాక 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా అన్నారు. పల్లెలో ఇంటి పేరు చెబితే మూడు తరాల కథ తెలుస్తుంది. హైదరాబాద్ బస్తీలో మొన్న రిజిస్టరులో రాసుకున్న గర్భిణి ఇవాళ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటుంది. ఆమెను వెతికి పట్టుకుంటేనే ఆశా చేసిన పని లెక్కలోకి వస్తుంది. వెతకడానికి తిరిగిన తిరుగుడుకు ఏ పద్దులోనూ పైసా లేదు. పల్లెలో కాన్పుకు కేంద్రం పెట్టిన ప్రోత్సాహకం రూ.600 అయితే పట్టణంలో రూ.400.

తెలంగాణలో మలుపు 2015. ఆ ఏడాది ఆశాలు 106 రోజులు సమ్మె చేశారు. దానికి ఫలితం 2017 మేలో కనిపించింది: నెలకు రూ.6,000 ఇస్తామని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. అది రూ.7,500 అయింది, 2022 జనవరి ఉత్తర్వుతో రూ.9,750కి చేరింది. యాభై రూపాయల కాలంతో పోలిస్తే చాలా దూరమే వచ్చాం. అయినా అది చేసిన పనులను బట్టి ఇచ్చే పారితోషికంగానే మిగిలింది. సర్వే పూర్తి కాలేదనో, లక్ష్యం అందలేదనో కోత పెట్టే వీలు అందులోనే ఉంది. 2023 సెప్టెంబరులో మళ్లీ సమ్మెకు దిగి రూ.18,000 స్థిరంగా ఇవ్వాలని అడిగింది అందుకే.

ప్రభుత్వ వాదనా ఉంది. పథకం కేంద్రానిది, కార్మిక హోదా ఇవ్వడం తమ చేతిలో లేదు, సుమారు 27 వేల మందికి రెట్టింపు ఇవ్వాలంటే ఖజానాకు భారం. భారం మాట కాదనలేం.

హోదా మాట మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేం. ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు పూర్తిగా గానీ ప్రధానంగా గానీ పని లెక్కల ప్రోత్సాహకాలతోనే చెల్లించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. అదే సంస్థ 2022 మేలో మన ఆశాలకు అవార్డు ఇచ్చినప్పుడు ఢిల్లీ నుంచి గల్లీ దాకా అందరూ అభినందించారు. 2018 నాటి మాటను ఆ రోజు ఎవరూ తలచుకోలేదు.

ఇక పక్క రాష్ట్రం. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకు గరిష్ఠంగా లక్షన్నర రూపాయల గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవు ప్రకటించింది, పదవీ విరమణ వయసును 62కు పెంచింది. గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, పదవీ విరమణ: ఈ మూడూ వాలంటీర్ల నిఘంటువులోని మాటలు కావు. అక్కడ కూడా ఆశాలను ఇంకా వర్కర్లని మాత్రం అనలేదు.