ఏ ప్రింటరుదో కాగితమే చెబుతుంది

ప్రింటర్లు ఎన్ని రకాలని అడిగితే చాలామంది పిల్లలు ‘ఇంపాక్ట్, నాన్ ఇంపాక్ట్’ అని గడగడా అప్పజెప్పేస్తారు. ఆ రెంటికీ తేడా ఏమిటంటే మాత్రం ఆగిపోతారు. పాఠాన్ని పేర్లతో కాకుండా కాగితాలతో మొదలుపెట్టాలి. బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం స్లిప్పు, ఇంక్‌జెట్‌లో తీసిన రంగుల బొమ్మ, నెట్ సెంటర్లో తీయించిన లేజర్ ప్రింటు, వీటికి తోడు ఒక భూతద్దం ఉంటే చాలు. కంప్యూటర్ ల్యాబ్ లేని బడిలో కూడా పాఠం చక్కగా నడుస్తుంది.

ముందు పాస్‌బుక్కు. భూతద్దం పెట్టి చూస్తే అక్షరం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఇది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు పని. దాని హెడ్డులో సన్నని తీగల్లాంటి పిన్నులు 9 గానీ 24 గానీ ఉంటాయి. అవి సిరా రిబ్బన్ మీద కొడితే వెనకున్న కాగితంపై చుక్క పడుతుంది. కరకరమనే ఆ చప్పుడు ఈ దెబ్బలదే. ఇలా కొట్టి అచ్చువేసేది ఇంపాక్ట్, కొట్టకుండా అచ్చువేసే మిగతా మూడూ నాన్ ఇంపాక్ట్. రిబ్బన్ పాతబడితే అచ్చు వెలిసినట్టు వస్తుంది. పిన్ను ఒకటి విరిగితే ప్రతి వరుసలోనూ అదే ఎత్తులో తెల్లటి అడ్డగీత కనిపిస్తుంది. కొట్టి అచ్చువేస్తుంది కాబట్టే, కార్బన్ పెడితే కింది కాగితాల మీదా ఒకేసారి నకలు పడుతుంది. మిగతా మూడు రకాలకూ ఈ పని చేతకాదు.

ఏటీఎం స్లిప్పును గోరుతో గట్టిగా, వేగంగా గీయమనండి. నల్లగీత పడుతుంది. థర్మల్ ప్రింటర్లో సిరా ఉండదు, రంగు కాగితం పూతలోనే దాగి ఉంటుంది. రంగులేని ఒక డై (అద్దకపు పదార్థం), దాన్ని నల్లబరిచే మరో పదార్థం ఆ పూతలో పక్కపక్కనే ఉంటాయి. వేడి తగలగానే కరిగి కలుస్తాయి. గోటి రాపిడికి పుట్టే వేడి కూడా అందుకు సరిపోతుంది. ప్రింటర్ హెడ్డులో వేడెక్కే చుక్కలు ఒకే వరుసలో, సాధారణంగా మిల్లీమీటరుకు 8 చొప్పున ఉంటాయి. కాగితపు చుట్టను తిరగేసి పెడితే స్లిప్పు తెల్లగా బయటికొస్తుంది, ఎందుకంటే పూత ఒకవైపే ఉంటుంది. ఎండకు, నూనె చేతులకు అచ్చు మాసిపోతుంది కనుక వారంటీ బిల్లులకు జిరాక్స్ తీసి పెట్టుకోవడం మంచిది.

ఇంక్‌జెట్ బొమ్మ మీద తడివేలితో రుద్దితే చాలాసార్లు రంగు అంటుకుంటుంది. నల్లసిరా అంటకపోవచ్చు, ఎందుకంటే చాలా ప్రింటర్లలో నలుపు మాత్రం నీళ్లలో కరగని పిగ్మెంట్. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు కంటికి కనిపించనంత సన్నని రంధ్రాల గుండా చినుకులుగా పడతాయి. ఒక్కో చినుకు కొన్ని పికోలీటర్లు మాత్రమే. ఒక మిల్లీలీటరుకు వంద కోట్ల పికోలీటర్లు! కెనాన్, హెచ్‌పీ యంత్రాల్లో సిరాను క్షణకాలం వేడిచేస్తే బుడగ పుట్టి చినుకును నెడుతుంది. ఎప్సన్‌లోనైతే కరెంటు ఇస్తే వంగే పీజో స్ఫటికం నెడుతుంది.

ఆ రంధ్రాల్లో సిరా ఎండిపోవడమే ఇంక్‌జెట్‌కు పెద్ద జబ్బు. వారానికోసారి రంగుల పేజీ ఒకటి తీస్తుండాలి. ప్రింటర్ని గోడ స్విచ్‌తో కాక దాని బటన్‌తోనే ఆపాలి, అప్పుడే హెడ్డు తన చోటికి వెళ్లి మూత కింద ఆగుతుంది. గీతలు పడుతుంటే మొదట ఏ రంధ్రాలు మూసుకుపోయాయో చూపే నాజిల్ చెక్ పేజీ తీసి, అవసరమైతేనే హెడ్డు క్లీనింగ్ చేయాలి. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ సిరా ఖర్చవుతుంది. రెండు మూడుసార్లకీ బాగుపడకపోతే రాత్రంతా వదిలేసి మర్నాడు చూడండి.

పిల్లలకు నిజంగా విడమరిచి చెప్పాల్సింది లేజర్ ప్రింటరు గురించి. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కల్ని లాక్కున్నట్టే ఇందులో డ్రమ్ము అనే గుండ్రటి గొట్టం టోనర్ అనే రంగు పొడిని లాక్కుంటుంది. చీకట్లో తిరిగే ఆ డ్రమ్ము మీద మొదట రుణావేశం ఎక్కిస్తారు. అక్షరాలు రావాల్సిన చోట లేజర్ కాంతి పడుతుంది, అక్కడ ఆవేశం పోతుంది. రుణావేశంతోనే ఉన్న టోనర్‌ని ఆవేశం మిగిలిన భాగం వికర్షిస్తుంది, కాంతి పడిన చోట మాత్రం పొడి అతుక్కుంటుంది. ధనావేశమున్న రోలరు దాన్ని కాగితం మీదికి లాగుతుంది. అప్పటికి అది ఊదితే పోయే పొడే. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడితో ఫ్యూజర్ అనే భాగం నొక్కినప్పుడు, టోనర్లోని ప్లాస్టిక్ కరిగి కాగితానికి పట్టేస్తుంది. లేజర్ ప్రింటు వెచ్చగా బయటికి రావడానికి కారణం ఇదే. జిరాక్స్ యంత్రం మూలసూత్రమూ ఇదే. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది, పొడి చల్లి ఈ పద్ధతిలో మొదటి నకలు తీశాడు.

ఈ వరస అర్థమైతే జబ్బుల్ని పిల్లలే పట్టేస్తారు. వేలితో రుద్దితే అక్షరాలు రాలుతుంటే ఫ్యూజర్ వేడి చాలలేదు, లేదా మందపాటి కాగితానికి సెట్టింగ్ మార్చలేదు. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితం ఇరుక్కుంటుంది, దానికి పొడి కూడా సరిగా అంటదు. అందుకే కట్ట విప్పాక మిగిలిన కాగితాల్ని కవర్లో చుట్టి ఉంచాలి. ఇరుక్కున్న కాగితాన్ని కరెంటు ఆపి, ఫ్యూజర్ చల్లారాక, వీలైనంతవరకు అది నడిచే దిక్కుకే రెండు చేతులతో మెల్లగా లాగాలి. టోనర్ ఒలికితే పొడిగుడ్డతో తుడిచి, చేతులు చన్నీళ్లతోనే కడుక్కోవాలి, వేడినీళ్లకు అది మెత్తబడి అంటుకుంటుంది.

పేజీలో ఒకే మచ్చ సమదూరంలో మళ్లీ మళ్లీ వస్తుంటే పిల్లల చేతికి స్కేలివ్వండి. తిరిగే భాగమేదో పాడైందన్నమాట. మచ్చల మధ్య దూరమే దాని చుట్టుకొలత, దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 75 మిల్లీమీటర్లు వస్తే 24 మిల్లీమీటర్ల డ్రమ్మును, 94 వస్తే 30 మిల్లీమీటర్ల డ్రమ్మును అనుమానించాలి. డ్రమ్ము కార్ట్రిడ్జ్‌లోనే (టోనర్ ఉండే డబ్బాలోనే) ఉంటే కార్ట్రిడ్జ్ మారిస్తే సరి. బయటికి తీసిన డ్రమ్మును వేలితో తాకనివ్వకండి, వెంటనే గుడ్డ కప్పండి. ఎక్కువసేపు వెలుతురు తగిలితే అది పాడవుతుంది.