మెట్టె బిగిసిన వేలు

పోయిన సంక్రాంతికి రాజోలు వైపు మా మేనత్త వాళ్ళింటికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని కాలి మెట్టెకి కొబ్బరినూనె రాసి తిప్పుతోంది. "రావట్లేదురా, వేలు ఉబ్బిపోయింది" అంది. పక్కింటావిడ బోదకాలంది. మావయ్యేమో "వయసు మళ్ళింది కదా, నీరు దిగుతుందిలే" అన్నాడు.

మా గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళ కాళ్ళు వాస్తే వినపడేవి ఈ రెండు మాటలే. రెండూ ప్రమాదమే, ఎందుకంటే రెండూ అసలు కారణం వెతకడం మానేయమంటాయి. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. గుండె నీరసించినా, మూత్రపిండాలు ఉప్పుని బయటికి పంపలేకపోయినా, కాలేయం చెడి రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీను తగ్గినా, ఆ నీరు చివరికి చేరేది పాదాలకే. అక్కడ కనిపిస్తుంది గానీ తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపే ఇంట్లో చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఒక కాలా, రెండు కాళ్ళా? ఒక్క కాలే, ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. దానికి తోడు ఆయాసం వస్తే గంట కూడా ఆగకూడదు. రెండు కాళ్ళూ అయితే, మోకాలి కింద కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదలాలి. గుంట పడి మెల్లగా పూడితే అది నీరు. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక తలగడ మీద తలగడ వేసుకుంటున్నారా? గుండెని చూపించాలి. మూత్రం నురగ కడుతోందా, పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బుతోందా? మూత్రపిండాలని చూపించాలి.

బోదకాలుకి ఇంకో గుర్తుంది. సరిగ్గా మెట్టె పెట్టుకునే ఆ రెండో వేలి మొదట్లోనే. అక్కడి చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగాలి. లేవకుండా మందంగా అతుక్కుపోయి ఉంటే శోషరస (లింఫ్) నాళాలు మూసుకుపోయాయని అర్థం. బోదకాలులో జరిగేది అదే. క్యూలెక్స్ దోమ తెచ్చిన పురుగు ఆ నాళాల్లో ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది. దాని పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టే ఆరోగ్యశాఖవాళ్ళు అర్ధరాత్రి తలుపు కొట్టి వేలు గుచ్చేవాళ్ళు. దీనికి ఇప్పటికీ వాడే డీఈసీ మందు 1947లో వెలుగులోకి వచ్చింది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో ఆ పరిశోధన నడిపించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అత్తయ్య వేలి మీద చర్మం సులువుగా లేచింది. కాలి ముందు ఎముక మీద మాత్రం గుంట పడింది. పైగా పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఈ నీరసాన్నీ విడదీసి చూడాలి. పీట మీద నుంచి లేవలేకపోవడం తొడ కండరాల బలహీనత. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం నరాల తిమ్మిరి, షుగరున్నవాళ్ళలో ఎక్కువ.

వాపూ నీరసమూ కలిసి వచ్చే జబ్బు ఒకటి ఈ నేలకి బాగా పాతది, బెరిబెరి. 1835లో మద్రాసులో మాల్కమ్‌సన్ అనే డాక్టరు దాని మీద పుస్తకమే రాశాడు, ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో, అది ఎక్కువని. తౌడుతో పాటు పోయే బీ1 విటమిను లోపం వల్ల వస్తుందని తేలడానికి ఇంకో వందేళ్ళు దగ్గర దగ్గర పట్టింది. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆడిస్తే ఆ విటమిను గింజలోకి దిగుతుంది. కానీ మనం తినేది పచ్చిబియ్యం. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించి, మూడుసార్లు కడిగి, గంజి వార్చి. పప్పూ కూరా తింటే పర్వాలేదు. పళ్ళు ఊడి, ఆకలి చచ్చి, మూడు పూటలా మజ్జిగన్నంతో సరిపెట్టుకునే ముసలివాళ్ళ గురించే నా బెంగ.

అత్తయ్యని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఇవేవీ అడగకముందే "వాడే మందులన్నీ తెచ్చారా?" అన్నారు. మావయ్య ప్లాస్టిక్ సంచి బల్ల మీద బోర్లించాడు. ఒక్కో షీటు ఏ నెలలో మొదలైందో వరసగా పెట్టించారు. మొదట మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఊళ్ళో డాక్టరు రోజూ వేసుకోమన్నది. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి. బీపీ పెరిగిందని బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఐదు మిల్లీగ్రాముల నుంచి పదికి పెరిగింది. అది సన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. దాంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఆ వాపుకి నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువగా పోయించేది. ప్రధానంగా ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి అది పెద్దగా తగ్గలేదు. పొటాషియం మాత్రం మూత్రంలో పోయింది, కండరాలు సడలాయి. ఆ మాత్ర ఎక్కువ కాలం వాడితే బీ1 కూడా అదే దారిన పోతుంది. ఒక మాత్ర చేసిన నష్టానికి ఇంకో మాత్ర, అలా పెరిగాయి షీట్లు.

గుండె స్కానింగు, మూత్రంలో అల్బుమిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, బాగానే ఉన్నాయి. రక్తంలో పొటాషియం మాత్రం 2.9 ఉంది, 3.5 పైన ఉండాలి. నొప్పి మాత్రా నీటి మాత్రా ఆపి, బీపీ మందు మార్చి, కొన్నాళ్ళు పొటాషియం సిరప్ రాశారు. ఇవన్నీ డాక్టరు చూసుకుంటూ చేసిన మార్పులు. ఇది చదివి ఎవరూ తమంతట తాము బీపీ మాత్ర మానేయొద్దు, గుండె జబ్బున్నవాళ్ళు నీటి మాత్ర అసలే మానొద్దు.

మూడు వారాలకి అత్తయ్య ఫోన్ చేసింది. మోకాళ్ళు ఇంకా నొప్పే అంది, గోడ పట్టుకోకుండా లేస్తున్నానంది. "మెట్టె వదులైందిరా, స్నానానికి తీస్తే వచ్చేసింది" అని నవ్వింది.